గోదావరి లోగిళ్లలో హోమ్ థియేటర్‌కు స్పీకర్లు ఎంచుకోవడం ఎలా?

ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకున్నవారిలో చాలామంది ఒకే ఇబ్బంది చెబుతారు. పాత్రలు మాట్లాడుకుంటున్నప్పుడు మాట తెలియక శబ్దం పెంచుతారు, పోరాటం మొదలవగానే ఉలిక్కిపడి తగ్గిస్తారు, సినిమా పూర్తయ్యేదాకా రిమోట్ చేతిలోంచి దిగదు. ఇటువంటి ఇళ్లలో వాట్లు తక్కువై ఈ బాధ వచ్చిన సందర్భాలు నేను పెద్దగా చూడలేదు. గది చూడకుండా, మాట ఎలా వినబడుతుందో పరీక్షించకుండా పెట్టె మీది అంకెలు చూసి కొన్నందువల్లనే ఎక్కువసార్లు ఇలా జరుగుతుంది. అందుచేత ఈ వ్యాసంలో స్పీకర్ల ఎంపికను మీ హాలుతో మొదలుపెట్టి, మనిషి గొంతు మీదుగా బేస్ (గుండెకు తగిలే లోతైన శబ్దం) వరకు నడిపిస్తాను. తేమ, ఉప్పుగాలి, నున్నటి నేలలు, తెరిచి ఉండే గుమ్మాలు గల మన డెల్టా ఇళ్లకు పనికివచ్చేలా ఈ వరుసను చెబుతున్నాను.

మొదటి పని: గదిని కొలిచి రాసుకోండి

దుకాణానికి వెళ్లకముందే టేపుతో హాలు పొడవు, వెడల్పు, ఎత్తు కొలవండి. టీవీ ఏ గోడకు ఉంటుందో, సోఫా ఎక్కడ వేస్తారో, గుమ్మాలు, కిటికీలు ఎటున్నాయో ఒక కాగితం మీద గీసుకోండి. ఈ కాగితం లేకుండా స్పీకరు కొనడం కాలికొలత తెలియకుండా చెప్పులు కొనడం వంటిది.

కొలతలు ఎందుకంటే, తక్కువ పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, దీనిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు) గల లోతైన శబ్దాలు ఎదురెదురు గోడల మధ్య అటూ ఇటూ తిరిగి కొన్ని చోట్ల రెట్టింపై, కొన్ని చోట్ల చచ్చిపోతాయి. మన వాతావరణంలో ధ్వని సెకనుకు దాదాపు 1,140 అడుగులు ప్రయాణిస్తుంది. ఆ సంఖ్యను గది కొలతకు రెట్టింపుతో భాగిస్తే ఆ గది ప్రధానంగా ఏ పౌనఃపున్యం దగ్గర మోగుతుందో తెలుస్తుంది. 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు గల హాలు దాదాపు 32, 47, 57 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. మోతలు మూడు వేర్వేరు చోట్ల పంచబడ్డాయి కాబట్టి ఇది ఫరవాలేదు. అదే 12కు 12 చదరపు గది అయితే రెండు మోతలూ 47 దగ్గరే కలిసి, ప్రతి పాటలోనూ ఒకే స్వరం బొంయ్‌మని ముందుకు వస్తుంది. ఇంట్లో రెండు గదులు అందుబాటులో ఉంటే చదరపు గదిని వదిలి పొడవాటి దానిని తీసుకోండి.

కూర్చునే చోటు కూడా ఇప్పుడే నిర్ణయించాలి. గది సరిగ్గా మధ్యలో కూర్చుంటే పైన చెప్పిన మొదటి మోత దాదాపు వినబడదు. వెనక గోడకు తల ఆనించి కూర్చుంటే అదే మోత మితిమీరి వినబడుతుంది. మన హాళ్లలో సోఫాను గోడకు ఆనించి వేయడం అలవాటు. వీలైతే దానిని రెండు మూడడుగులు ముందుకు జరపండి. ఈ ఒక్క మార్పుకు పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం ఖరీదైన స్పీకరు తెచ్చినంత ఉంటుంది.

పాత మండువా లోగిలి మీదైతే, ఆకాశానికి తెరిచి ఉన్న మండువా పక్క వసారాలో హోమ్ థియేటర్ పెట్టవద్దు. బేస్ అంతా పైకి పోతుంది, వానాకాలంలో పెంకుల మీది చినుకుల చప్పుడు మాటలను మింగేస్తుంది, తేమ నేరుగా స్పీకర్లకు తగులుతుంది. తలుపు వేసుకోగల లోపలి గది ఏదైనా అంతకంటే మేలు.

రెండవ పని: మారుమోతను తగ్గించండి

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు టప్పున ఆగిపోతే అదృష్టవంతులు. రేకు డబ్బాలో కొట్టినట్టు ఆ చప్పుడు వణుకుతూ సాగితే, ఎంత మంచి స్పీకరైనా మీ గదిలో తడబడుతుంది. మన కొత్త ఇళ్లలో నేల పాలరాయి లేదా నున్నటి టైల్స్, గోడలు పుట్టీ పెట్టి నునుపు చేసినవి, పైన స్లాబు, ఒక పక్క గాజు తలుపుల అలమర. శబ్దాన్ని పీల్చుకునేది ఒక్క సోఫా మాత్రమే. ఒక అక్షరం మోత ఆగకముందే తరువాతి అక్షరం వచ్చి దాని మీద పడటం వల్ల మాట తెలియదు.

దీనికి మన దగ్గర దొరికే వస్తువులే చాలావరకు సరిపోతాయి. సోఫాకూ టీవీకీ మధ్య నేల మీద మందమైన తివాచీ గానీ, రెండు మడతలు వేసిన జంపఖానా గానీ పరవండి. కిటికీలకు నరసాపురం లేసు తెరలు కంటికి అందమే గాని, వాటి కన్నాల గుండా శబ్దం దాటిపోయి గాజుకు తగిలి తిరిగి వస్తుంది. లేసును అలాగే ఉంచి, దాని వెనక కిటికీ వెడల్పుకు రెట్టింపు గుడ్డతో, నిండుగా కుచ్చులు వచ్చేలా మందపాటి తెర వేయండి. పుస్తకాలతో నిండిన బీరువా వెనక గోడకు ఉంటే అది శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చెదరగొడుతుంది.

ఇంకాస్త శ్రద్ధ ఉన్నవారు పక్క గోడల మీద రెండు అంగుళాల మందపు రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది వంటి) పలకలను గుడ్డ చుట్టి బిగించవచ్చు. ఎక్కడ బిగించాలో తెలుసుకోవడానికి మీరు సోఫాలో కూర్చుని, ఇంకొకరిని గోడ వెంట అద్దం జరుపుతూ రమ్మనండి. ముందు స్పీకరు అద్దంలో కనబడిన చోటే పలక పెట్టవలసిన చోటు. థర్మాకోల్ షీట్లు, గుడ్ల అట్టలు అంటించమని సలహా ఇచ్చేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. థర్మాకోల్ శబ్దాన్ని దాదాపు పీల్చుకోదు, గుడ్ల అట్టలు చేసే మేలు అతి స్వల్పం, పైగా రెండూ సులభంగా నిప్పు అంటుకునేవి. వాటి జోలికి పోకండి.

మూడవ పని: ఎన్ని స్పీకర్లో నిర్ణయించండి

5.1 అంటే ముందు ఎడమ, మధ్య, కుడి, వెనక పక్కల రెండు, ఇవి అయిదు, వీటికి తోడు ఒక సబ్‌వూఫర్, అంటే బేస్ కోసమే ఉన్న పెట్టె. 7.1లో వెనక మరో రెండు చేరతాయి. 5.1.2 వంటి మూడు అంకెలు ఉంటే చివరిది పైనుంచి వచ్చే శబ్దానికి వాడే స్పీకర్ల సంఖ్య. మామూలు హాలుకు 5.1 చాలు. సోఫా వెనక కనీసం నాలుగైదు అడుగుల ఖాళీ లేకపోతే 7.1లోని వెనక స్పీకర్లు మెడకు ఆనుకుని మోగుతాయే తప్ప ప్రయోజనం ఇవ్వవు.

పైకి చూస్తూ, స్లాబుకు తగిలి కిందికి దిగేలా శబ్దం పంపే స్పీకర్లు ఉన్నాయి. 8 నుంచి 12 అడుగుల ఎత్తులో, చదునుగా, గట్టిగా ఉన్న స్లాబు కింద అవి పనిచేస్తాయి. వాలుగా ఉన్న పెంకుటింటి కప్పు కింద పనిచేయవు. డబ్బు పరిమితంగా ఉంటే ఏడు చవక స్పీకర్ల కంటే మూడు మంచి స్పీకర్లు కొని, ఏడాది తరువాత మిగిలినవి చేర్చుకోవడమే నా సలహా. ఏ.వి. రిసీవర్‌లో (సినిమా శబ్దాన్ని విడదీసి స్పీకర్లన్నింటికీ పంపే ఆంప్లిఫయర్) ఎన్ని స్పీకర్లు ఉన్నాయో చెబితే, లేని స్పీకర్ల శబ్దాన్ని అది ఉన్నవాటికే పంచుతుంది కాబట్టి ఈ మధ్యకాలంలో మీరు నష్టపోయేది తక్కువ.

నాలుగవ పని: ముందున్న మూడింటినీ, ముఖ్యంగా మధ్యదానిని, ఎంచుకోండి

ఇక్కడ తొందర పడవద్దు. సినిమాలో సంభాషణ దాదాపు అంతా మధ్య స్పీకరు నుంచే వస్తుంది. దుకాణాల్లో మాత్రం నిలువెత్తు టవర్ స్పీకర్లను ముందు నిలబెట్టి, మధ్యదానిని ఉచితంగా ఇస్తున్నట్టు చెబుతారు. స్పీకర్లకని పక్కన పెట్టిన ప్రతి నూరు రూపాయల్లో యాభై ముందున్న మూడింటికి, ముప్పై సబ్‌వూఫర్‌కు, ఇరవై వెనక రెండింటికి అన్నది నేను పాటించే లెక్క. ఆ యాభైలో కూడా మధ్యదానికి తగ్గించి పక్కవాటికి పెంచకండి.

మగవారి మాటలోని మూలస్వరం సుమారు 85 నుంచి 180 హెర్ట్జ్ మధ్యన, ఆడవారిది సుమారు 165 నుంచి 255 మధ్యన ఉంటుంది. హల్లులను విడదీసి చెప్పే అంశమంతా ఇంకా పైన, వెయ్యి నుంచి నాలుగు వేల దాకా, సకారం వంటివైతే అంతకు మించి ఉంటుంది. అరచేతిలో ఇమిడే చిన్న పెట్టెల స్పీకర్లు 150 హెర్ట్జ్ కిందికి సరిగ్గా దిగలేవు. అందుకని ఆ సెట్లలో గొంతులోని కింది భాగాన్ని సబ్‌వూఫర్‌కు అప్పగిస్తారు. అప్పుడు నాయకుడి పెదవులు టీవీలో కదులుతుంటే అతని గొంతులోని బరువు మూలన ఉన్న సబ్‌వూఫర్ నుంచి వస్తుంది. ఇది వినేవారికి ఏదో తేడాగా తోస్తుంది గాని కారణం అంతుపట్టదు. కనీసం 80 హెర్ట్జ్ దాకా హాయిగా దిగగల స్పీకర్లు తీసుకుంటే ఈ చిక్కు ఉండదు. అయిదు లేదా ఆరున్నర అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే పెద్ద కోన్) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే అరలోనో స్టాండు మీదో పెట్టుకునేవి, ఈ పని చక్కగా చేస్తాయి. సబ్‌వూఫర్ ఎలాగూ ఉంటుంది కనుక పన్నెండు పద్దెనిమిది అడుగుల హాలుకు టవర్లు తప్పనిసరి కావు. సబ్‌వూఫర్ లేకుండా పాటలు కూడా ఎక్కువగా వినే ఇంటికి మాత్రం టవర్ల అవసరం ఉంది.

మూడూ ఒకే కంపెనీ, ఒకే శ్రేణివి కావాలి. కారు ఎడమ నుంచి కుడికి పోతున్నప్పుడు మధ్యలో దాని ఇంజను గొంతు మారిపోతే తెర మీది భ్రమ విరిగిపోతుంది. మధ్య స్పీకరులో ట్వీటర్‌కు (పై స్వరాలు పలికే చిన్న భాగం) అటొకటి ఇటొకటి రెండు వూఫర్లు అడ్డంగా ఉన్న నమూనాలు ఎక్కువ. ఎదురుగా కూర్చున్నవారికి ఇవి బాగుంటాయి, సోఫా చివర కూర్చున్నవారికి మాట పలచబడుతుంది. పండగకి పదిమంది చేరే ఇల్లయితే, ట్వీటర్ కింద మధ్యస్థాయి స్వరాలకు వేరే చిన్న స్పీకరు ఉన్న మూడు మార్గాల నమూనా గానీ, వూఫర్ నడుమనే ట్వీటర్ అమర్చిన నమూనా గానీ అడిగి చూడండి.

అయిదవ పని: పెట్టె మీది అంకెలను చదవడం నేర్చుకోండి

మన ఊళ్లలో 4440 అనే ఐసీ (చిప్) బోర్డుతో, స్థానికంగా బిగించిన ఆంప్లిఫయర్ల మీద కూడా వేల వాట్లు రాసి ఉండటం చూస్తూనే పెరిగాము. ఆ ఐసీ కారు టేపురికార్డర్ల కోసం పుట్టింది, రెండు ఛానెళ్లు (ఒక్కో స్పీకరుకు శబ్దం వెళ్లే దారులు) కలిపి వాడినా ఇరవై వాట్ల లోపే ఇస్తుంది. పి.ఎం.పి.ఓ. అని రాసిన సంఖ్యకు ఒక ప్రామాణికమైన కొలత అంటూ లేదు, దానిని చదవనే వద్దు. ఆర్.ఎం.ఎస్. లేదా నిరంతర వాట్లు ఎన్నో, ఎన్ని ఓమ్‌ల (కరెంటుకు స్పీకరు చూపే అడ్డు) దగ్గర, ఎన్ని ఛానెళ్లు నడుస్తుండగా కొలిచారో చూడండి. ఒకే ఛానెల్ నడుస్తుండగా, పది శాతం వికృతి (శబ్దం చెడిపోవడం) వరకు అనుమతించి కొలిచిన 150 వాట్ల కంటే, రెండు ఛానెళ్లు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, 8 ఓమ్‌ల దగ్గర, నూరింట ఒక వంతు వికృతి కూడా లేకుండా ఇచ్చే 80 వాట్లు బలమైనవి.

వాట్ల కంటే సెన్సిటివిటీ అనే అంకె విలువైనది. 87 డెసిబెల్ (శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలత) అని ఉంటే, ఒక వాటు ఇచ్చినప్పుడు మీటరు దూరంలో అంత శబ్దం వస్తుందని అర్థం. మీరు పది అడుగుల దూరంలో కూర్చుంటే ఆరుబయట లెక్కన దాదాపు 77 డెసిబెల్‌కు తగ్గుతుంది, గదిలో గోడలు తోడవుతాయి గనుక కొంచెం ఎక్కువే వినబడుతుంది. ఇంటిల్లిపాది కూర్చుని చూసే మామూలు శబ్దం 65 నుంచి 75 డెసిబెల్ ఉంటుంది. అంటే ఎక్కువ సమయం మీ స్పీకర్లు ఒక్క వాటు కూడా తినవు. పిడుగు పడినప్పుడు, బాంబు పేలినప్పుడు వచ్చే ఒక్క క్షణపు పెద్ద శబ్దానికే మిగిలిన వాట్లు కావాలి. ప్రతి 3 డెసిబెళ్లకు వాట్లు రెట్టింపు అవుతాయి కాబట్టి 90 డెసిబెల్ స్పీకరుకు 80 వాట్లతో జరిగే పని 87 డెసిబెల్ స్పీకరుకు 160 వాట్లు అడుగుతుంది. ఓమ్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను. మామూలు రిసీవర్లకు 8 లేదా 6 ఓమ్‌ల స్పీకర్లు కలపండి, 4 ఓమ్‌లవైతే రిసీవర్ పుస్తకంలో అనుమతి ఉందో లేదో ముందు చూడండి.

ఆరవ పని: మన తేమకు నిలిచే వస్తువేనా చూడండి

ఈ అంశం పెద్ద నగరాల నుంచి వచ్చే సలహాల్లో కనబడదు, డెల్టాలో మాత్రం దీని మీదే స్పీకరు ఆయుష్షు ఆధారపడుతుంది. స్పీకరు కోన్‌ను చట్రానికి కలిపే మెత్తటి అంచును వేలితో మృదువుగా తాకి చూడండి. అది ఫోమ్ అయితే వేడికీ తేమకీ కొన్నేళ్లలో మెత్తబడి పొడిగా రాలిపోతుంది. మా ఇంట్లో ముచ్చటపడి దాచుకున్న ఒక పాత జత అలాగే పోయింది, వేలు పెడితే అంచంతా అటుకుల పొడిలా చేతికి వచ్చింది. రబ్బరు అంచు ఉన్నవి అంతకంటే చాలా ఎక్కువకాలం నిలుస్తాయి. ఫోమ్ అంచు ఉన్నదానిని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి.

పెట్టె సాధారణంగా ఎం.డి.ఎఫ్. (చెక్క నారను నొక్కి చేసిన పలక) తో చేస్తారు. శబ్దానికి అది మంచిదే, కాని అంచుల్లో పూత లేని చోట తేమ పీల్చుకుని ఉబ్బుతుంది. పెట్టెను తిప్పి అడుగు భాగం, వెనక వైర్ల పలక చుట్టూ అంచులు పూర్తిగా మూసి ఉన్నాయో లేదో చూడండి. అంటించిన పలచని వినైల్ పొర మూలల్లో ఇప్పటికే లేచి ఉంటే, రెండు వానాకాలాల్లో అది ఊడిపోతుంది.

అంతర్వేది, ఓడలరేవు, ఉప్పాడ వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవారు వైరు బిగించే మరలనూ, జాలీని పట్టుకున్న మేకులనూ ప్రత్యేకంగా చూడాలి. మామూలు ఇనుప మరలు ఉప్పుగాలికి త్వరలోనే తుప్పు పడతాయి. బంగారుపూత ఉన్న బిగింపులు ఇక్కడ ఆడంబరం కాదు, అవసరం. మంచి రాగి వైరుకు కూడా కొస దగ్గర చిలుము పడుతుంది, కాబట్టి రెండేళ్లకొకసారి అంగుళం కొస కత్తిరించి, కొత్త రాగి తేల్చి మళ్లీ బిగించాలి.

పల్లపు నేలల్లో కట్టిన ఇళ్లలో గోడ అడుగున చెమ్మ ఎక్కి ఉప్పు తేలుతూ ఉంటుంది. అటువంటి గోడకు స్పీకరును ఆనించవద్దు, అరడుగైనా ఎడం ఉంచండి. నేల మీద నేరుగా కాకుండా స్టాండు మీద గానీ, ఇల్లు కట్టగా మిగిలిన గ్రానైటు ముక్క కింద రబ్బరు బిళ్లలు పెట్టి దాని మీద గానీ ఉంచండి. సబ్‌వూఫర్ వెనక ఉండే గాలి గొట్టంలో ఎలుకలు దూరి గూడు పెట్టడం చేలగట్ల పక్క ఇళ్లలో అరుదు కాదు. వాడని రోజుల్లో ఆ గొట్టానికి గుడ్డ ఉండ పెట్టి, మోగించే ముందు తీయడం అలవాటు చేసుకోండి.

ఏడవ పని: సబ్‌వూఫర్

మూసిన పెట్టెది, గాలి గొట్టం ఉన్నది అని రెండు రకాలు. అదే పరిమాణానికి గొట్టం ఉన్నది పెద్ద శబ్దం ఇస్తుంది, మూసినది చిన్న చోటులో ఇముడుతుంది, దెబ్బ పడి ఆగడం స్పష్టంగా ఉంటుంది. భోజనాల గదిలోకి తెరిచి ఉన్న హాలైతే సబ్‌వూఫర్ ఆ రెండు గదుల గాలినీ కదిలించాలి, కాబట్టి పది అంగుళాల గొట్టం రకం గాని, ఇంకా పెద్దది గాని తీసుకోండి. తలుపు వేసుకునే చిన్న గదికి ఎనిమిది లేదా పది అంగుళాల మూసిన రకం చాలు.

నాణ్యతకు ఒక పరీక్ష చెబుతాను. కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోట ప్రభల తీర్థంలో డప్పుల పక్కన నిలబడిన వారికి ఆ దెబ్బ గుండెకు తగిలి వెంటనే ఆగడం తెలుసు. మీరు చూసే సబ్‌వూఫర్‌లో డప్పు దెబ్బ అలా పడి ఆగాలి. ప్రతి దెబ్బ వెనకా బుంయ్‌మనే తోక మిగిలితే, ఆ వస్తువును పక్కన పెట్టండి.

వెనక పక్కల స్పీకర్ల గురించి చెప్పవలసింది తక్కువ. ముందువాటి శ్రేణిలోని చిన్న జత సరిపోతుంది, గోడకు బిగించడానికి వీలుగా తేలికైనది చూసుకోండి.

ఎనిమిదవ పని: విని కొనండి

రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరంలో కొన్నా, విజయవాడ, విశాఖపట్నం వరకు వెళ్లినా, మీకు బాగా తెలిసిన శబ్దాలను ఫోనులోనో పెన్‌డ్రైవ్‌లోనో తీసుకుపోండి. దుకాణం వారు వినిపించే విదేశీ పేలుళ్లతో తీర్పు చెప్పకండి, అసలు ఎలా ఉండాలో మీకు తెలియని శబ్దాన్ని బాగుందో లేదో ఎలా చెప్పగలరు? నేనైతే మూడు పట్టుకుపోతాను. మొదటిది ఏ వాద్యమూ లేకుండా మనిషి తెలుగు చదువుతున్న రికార్డింగు. అందులో శ, ష, స వేర్వేరుగా వినబడాలి, చాపలోని చకారం చేపలోని చకారంతో కలిసిపోకూడదు, వత్తులు పొల్లు పోకూడదు. సకారం చెవిలో సూదిలా గుచ్చుకుంటే ట్వీటర్ మితిమీరినట్టే. రెండవది పౌరాణిక నాటక పద్యం, హార్మోనియం మీద గొంతు ఎత్తి రాగం సాగదీసిన చోట గొంతూ హార్మోనియమూ రెండుగా నిలవాలి. మూడవది నాదస్వరం, డోలు కలిసిన మేళం.

ముందు మామూలు శబ్దంలో, తరువాత చాలా తక్కువ శబ్దంలో వినండి. రాత్రి పిల్లలు పడుకున్నాక మీరు వినేది ఆ స్థాయిలోనే. రెండు జతలను పోల్చేటప్పుడు రెండింటి శబ్దమూ సమానంగా పెట్టమని పట్టుబట్టండి, ఫోనులో శబ్దం కొలిచే యాప్ ఈ పనికి చాలు. కొంచెం పెద్దగా మోగినది ఎప్పుడూ మేలైనదిగా తోస్తుంది, ఈ సంగతి అమ్మేవారికి తెలుసు. కుర్చీ మధ్యలోనే కాక రెండడుగులు పక్కకు జరిగీ, నిలబడీ వినండి. సరిపడకపోతే మార్చి ఇస్తారా అన్నది బిల్లు మీద రాయించుకోండి, ఎందుకంటే పరదాలు కట్టిన వారి గదికీ మీ పాలరాతి హాలుకూ పోలిక ఉండదు.

తొమ్మిదవ పని: వైరింగు

ఇల్లు కడుతున్నవారు గోడలకు గాడి కొట్టే దశలోనే ఈ పని చేయించాలి. టీవీ గోడ నుంచి వెనక స్పీకర్ల చోటికి అంగుళం పైపు, ప్రొజెక్టర్ ఆలోచన ఉంటే పై దాకా ఒకటిన్నర అంగుళం పైపు వేయించండి. వంపుల దగ్గర ఎల్బోలు కాక పొడుగాటి బెండ్లు వాడమనండి, లేకపోతే వైరు లాగేటప్పుడు ఇరుక్కుంటుంది. ప్రతి పైపులోనూ ఒక తీగ విడిచిపెట్టించండి. కరెంటు పైపుకూ దీనికీ అడుగు ఎడం ఉండాలి, దాటక తప్పనిచోట అడ్డంగా దాటించాలి.

స్వచ్ఛమైన రాగి వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది యాభై అడుగుల లోపు దూరానికి 8 ఓమ్‌ల స్పీకరుకు సరిపోతుంది, అంతకు మించితే 2.5 తీసుకోండి. రాగిపూత పూసిన అల్యూమినియం వైరు చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. కొసను చాకుతో గీస్తే లోపల తెల్లగా కనబడుతుంది. దీనికి మించి వేల రూపాయలు పెట్టి వైరు కొనవలసిన అవసరం నాకు ఎన్నడూ కనబడలేదు.

పదవ పని: అమర్చడం, సరిచేయడం

ముందు ఎడమ, కుడి స్పీకర్ల మధ్య దూరం మీకూ వాటికీ మధ్య దూరంతో దాదాపు సమానంగా ఉండాలి. తొమ్మిదడుగుల్లో కూర్చుంటే వాటి మధ్య తొమ్మిదడుగులకు కొంచెం తక్కువైనా ఫరవాలేదు. ట్వీటర్లు కూర్చున్నవారి చెవి ఎత్తున ఉండాలి. టీవీ కింద ఉండే మధ్య స్పీకరు ముందు భాగాన్ని చిన్న చెక్క ముక్కతో పైకి లేపి ముఖం వైపు చూసేలా చేయండి, దానిని అలమర అరలో వెనక్కి తోయకండి. వెనక జత మీ చెవులకు పక్కగా, కాస్త వెనక్కి, చెవి కంటే అడుగు రెండడుగుల ఎత్తున ఉంటే చాలు.

సబ్‌వూఫర్‌కు చోటు వెతకడానికి తిరగేసిన పద్ధతి ఒకటి ఉంది. దానిని మీరు కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ నిలకడగా సాగే పాట మోగిస్తూ, గోడ వెంట వంగి నడుస్తూ వినండి. బేస్ సమంగా, స్పష్టంగా వినబడిన చోటే దానిని పెట్టాలి. మూలన పెడితే శబ్దం పెరుగుతుంది గాని ఒకే స్వరం మోగే ప్రమాదం ఉంది. పెట్టాక ఇల్లంతా ఒకసారి తిరగండి. అలమరలో స్టీలు గిన్నెలు, కిటికీ గాజులు, దేవుడి గదిలో గంట, వీటిలో ఏది గలగలమన్నా కింద గుడ్డో రబ్బరు బిళ్లో పెట్టండి. అపార్ట్‌మెంటులో ఉంటే సబ్‌వూఫర్ కింద మందమైన స్పాంజి తప్పనిసరి, రాత్రి పది దాటాక దానిని పూర్తిగా తగ్గించండి.

తరువాత రిసీవర్‌తో వచ్చిన మైకును చెవి ఎత్తున, చేత్తో పట్టుకోకుండా స్టాండు మీద ఉంచి, ఫ్యాను, ఏసీ ఆపి కొలత చేయించండి. అది అయ్యాక మెనూలోకి వెళ్లి అన్ని స్పీకర్లూ చిన్నవిగానే (స్మాల్) నమోదయ్యాయో, క్రాస్ఓవర్ (ఏ పౌనఃపున్యం కిందిది సబ్‌వూఫర్‌కు వెళ్లాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర ఉందో చూడండి. చాలా రిసీవర్లు వీటిని తప్పుగా ఊహిస్తాయి. టీవీలో ఆడియో అవుట్‌పుట్‌ను పి.సి.ఎం. నుంచి మార్చి బిట్‌స్ట్రీమ్ లేదా ఆటో అని పెట్టకపోతే, అయిదు స్పీకర్లు ఉన్నా రెండింటి శబ్దమే వచ్చే అవకాశం ఉంది. ఇదంతా చేశాక కూడా మాట కొంచెం వెనకబడితే మధ్య స్పీకరును రెండు డెసిబెల్ పెంచండి. వేసవిలో ఫ్యాను పూర్తి వేగంతో తిరిగే ఇంట్లో మూడు పెంచినా తప్పు లేదు, ఆ గాలి హోరు మెల్లని మాటను కప్పేస్తుంది.

పదకొండవ పని: కరెంటు, పిడుగుల నుంచి కాపాడుకోండి

రొయ్యల చెరువుల మధ్య ఊళ్లలోనూ, ఫీడరు (కరెంటు లైను) చివరి ఇళ్లలోనూ రాత్రివేళ వోల్టేజీ పడిపోతూ ఉంటే రిసీవర్‌కూ సబ్‌వూఫర్‌కూ కలిపి ఒక స్టెబిలైజర్ పెట్టండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే గుంయ్‌మనే శబ్దం వస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్లు వేడెక్కుతాయి. సైన్ వేవ్ రకమే వాడండి. కరెంటు బాగానే ఉన్నా గుంయ్‌మనడం ఆగకపోతే డిష్ వైరును ఒక్క క్షణం ఊడదీసి చూడండి. ఆ శబ్దం ఆగితే రెండు చోట్ల ఎర్త్ కలవడమే కారణం. టీవీ, సెట్‌టాప్ బాక్సు, రిసీవర్, సబ్‌వూఫర్ అన్నింటినీ ఒకే బోర్డు నుంచి ఇప్పించండి.

వేసవి చివరి గాలివానలకూ, అక్టోబరు, నవంబరు తుపానులకూ ముందు స్విచ్ కట్టడం ఒక్కటే చాలదు. ప్లగ్గు గోడ నుంచి తీయండి, డిష్ వైరు, ఇంటర్నెట్ వైరు కూడా ఊడదీయండి, పిడుగు వాటి గుండా కూడా లోపలికి వస్తుంది. వర్షాకాలమంతా వారానికి రెండు మూడుసార్లయినా అరగంట సేపు స్పీకర్లను మోగించండి. ఆంప్లిఫయర్ల వేడికి లోపలి తేమ కొంత ఆరుతుంది. ఇల్లు తాళం వేసి ఊరు వెళ్లేటప్పుడు స్పీకర్లను ప్లాస్టిక్ సంచుల్లో బిగించి కట్టకండి, లోపల చేరిన తేమ బయటికి పోదు. గాలి ఆడే పలచని నూలు దుప్పటి కప్పి వెళ్లండి.